దీర్ఘ పరుగు

దీర్ఘ పరుగు అనగా దూరపు పరుగు పందేలకు శిక్షణ పొందేవారు వారానికి ఒకసారి, తక్కిన రోజులకంటే చాలా ఎక్కువ దూరాన్ని, తక్కువ వేగంతో ఆగకుండా పరుగెత్తడం. వాడుకలో దీనిని "లాంగ్ రన్" అనే పిలుస్తారు. ఉద్యోగులకు సెలవు దినం కావడం వలన ఎక్కువమంది దీనిని ఆదివారం తెల్లవారుజామున చేస్తారు. హాఫ్ మారథాన్ (21.0975 కి.మీ.), మారథాన్ (42.195 కి.మీ.) శిక్షణలో ఇది అతి ముఖ్యమైన భాగం.

దీర్ఘ పరుగు ఒక పోటీ కాదు. అనుకున్న దూరాన్ని ఎంత తక్కువ సమయంలో ముగించారన్నది ఇందులో లెక్కకు రాదు. చివరి కిలోమీటరును కూడా మొదటి కిలోమీటరు వలెనే నిబ్బరంగా పరుగెత్తి, క్షేమంగా ఇల్లు చేరి, మరునాడు తన పని తాను చేసుకోగలిగినప్పుడే ఆ పరుగు పూర్తయినట్లు. ఈ విషయం అన్ని ప్రాంతాలవారికీ వర్తించేదే అయినా, వేసవిలోనూ వానాకాలంలోనూ శిక్షణ పొందవలసి వచ్చే హైదరాబాదు రన్నర్లకు దీని ప్రాముఖ్యం మరింత ఎక్కువ. ఈ వ్యాసంలో నగరానికి ఉత్తరాన ఉన్న పేట్ బషీరాబాద్, మేడ్చల్, శామీర్‌పేట పరిసరాలను ఉదాహరణగా తీసుకొని దీర్ఘ పరుగు విధానాన్ని వివరించడమైనది.

చరిత్ర

మొదటి ఆధునిక ఒలింపిక్ క్రీడలు 1896లో ఏథెన్స్‌లో జరిగినప్పుడు మారథాన్ పరుగు దూరం సుమారు 40 కి.మీ. మాత్రమే. ఆ పందెంలో గ్రీకు దేశీయుడు స్పిరిడాన్ లూయిస్ గెలుపొందాడు. ఇప్పటి 42.195 కి.మీ. దూరాన్ని మొదట 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరుగెత్తారు. 1921లో అది అంతర్జాతీయ ప్రమాణంగా స్థిరపడింది.

వారానికొక దీర్ఘ పరుగును శిక్షణకు పునాదిగా నిలిపినవారిలో న్యూజీలాండ్ శిక్షకుడు ఆర్థర్ లిడియార్డ్ (1917-2004) ముఖ్యుడు. ఆయన శిష్యులు ఆక్లండ్ నగరం పక్కనున్న కొండదారులలో ప్రతి ఆదివారం 22 మైళ్ళు, అనగా సుమారు 35 కి.మీ. పరుగెత్తేవారు. 800 మీటర్ల పందెగాడైన పీటర్ స్నెల్‌కు కూడా ఈ నియమం నుండి మినహాయింపు లేదు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో స్నెల్ 800 మీటర్లలో, మరొక శిష్యుడు ముర్రే హాల్బెర్గ్ 5,000 మీటర్లలో ఒకే రోజున స్వర్ణ పతకాలు సాధించారు. బ్యారీ మెగీ మారథాన్‌లో కాంస్యం పొందాడు. నిదానంగా చేసిన దూరపు పరుగే వేగానికి కూడా ఆధారమన్న అభిప్రాయం దీనితో ప్రపంచమంతటా వ్యాపించింది.

భారతదేశంలో శివనాథ్ సింగ్ 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ మారథాన్‌లో 11వ స్థానం పొందాడు. 1978లో జలంధర్‌లో ఆయన 2 గంటల 12 నిమిషాలలో పూర్తిచేసిన పరుగు నాలుగు దశాబ్దాలకు పైగా జాతీయ రికార్డుగా నిలిచింది. సామాన్యులు పెద్ద సంఖ్యలో పాల్గొనే నగర మారథాన్‌లు మనదేశంలో 2004లో మొదలైన ముంబై మారథాన్ తరువాతనే ఊపందుకున్నాయి. హైదరాబాదులో 2007లో "హైదరాబాద్ రన్నర్స్" అనే సంఘం ఏర్పడింది. 2011 నుండి ఈ సంఘం ఆధ్వర్యంలో హైదరాబాద్ మారథాన్ జరుగుతున్నది.

శరీరంలో జరిగే మార్పులు

పరుగుకు కావలసిన శక్తి ప్రధానంగా రెండు నిల్వల నుండి లభిస్తుంది. ఒకటి కండరాలలోనూ కాలేయంలోనూ ఉండే గ్లైకోజెన్ అనే పిండిపదార్థం, రెండవది కొవ్వు. సాధారణ శరీరంలో గ్లైకోజెన్ నిల్వ సుమారు 500 గ్రాములు. దీని నుండి రెండువేల కిలోకేలరీల శక్తి వస్తుంది. పరుగుకు శరీర బరువులో ప్రతి కిలోకు, ప్రతి కిలోమీటరుకు సుమారు ఒక కిలోకేలరీ ఖర్చవుతుంది. ఈ లెక్కన 60 కిలోల మనిషికి మారథాన్ పూర్తిచేయడానికి రెండున్నర వేల కిలోకేలరీలు కావాలి. గ్లైకోజెన్ ఒక్కదానినే నమ్ముకుంటే దారి మధ్యలో అది అడుగంటుతుంది. 30 కి.మీ. దాటిన తరువాత చాలామందికి కాళ్ళు కదలని స్థితి రావడానికి ముఖ్య కారణం ఇదే. రన్నర్లు దీనిని "గోడను ఢీకొనడం" అంటారు.

నిదానంగా పరుగెత్తినప్పుడు శరీరం కొవ్వును ఎక్కువ పాళ్ళలో ఖర్చు చేస్తుంది, గ్లైకోజెన్‌ను పొదుపు చేస్తుంది. వారం వారం దీర్ఘ పరుగు చేయగా ఈ క్రింది మార్పులు కలుగుతాయి.

* కండర కణాలలో శక్తిని ఉత్పత్తి చేసే మైటోకాండ్రియా పెరుగుతాయి. 1967లో అమెరికా శాస్త్రవేత్త జాన్ హాలోజీ ఎలుకలపై చేసిన పరిశోధనలో ఈ విషయాన్ని నిరూపించాడు.
* కండరాలకు రక్తాన్ని అందించే సన్నని రక్తకేశనాళికల సంఖ్య పెరుగుతుంది.
* గుండె ఒక్కొక్క స్పందనకు పంపే రక్తం పరిమాణం పెరుగుతుంది.
* ఎముకలు, స్నాయువులు ఎక్కువసేపు బరువు మోయడానికి అలవాటు పడతాయి. ఇవి కండరాలకంటే నెమ్మదిగా గట్టిపడతాయి. కనుక దూరాన్ని ఒక్కసారిగా పెంచరాదు.
* గంటల తరబడి విసుగును, అలసటను ఓర్చుకొనే మనోనిబ్బరం అలవడుతుంది.

తెల్లవారుజామున ఎందుకు?

ముంబై మారథాన్ జనవరిలో జరుగుతుంది. దానికి శిక్షణ చలికాలంలో సాగుతుంది. హైదరాబాద్ మారథాన్ ఆగస్టు నెలాఖరులో జరుగుతుంది. దానికి 16 వారాల శిక్షణ తీసుకోవాలంటే మే మొదటి వారంలో ఆరంభించాలి. అంటే తొలి నెల వేసవి ఎండల్లోనూ, మిగిలినది నైరుతి రుతుపవనాల తేమలోనూ గడుస్తుంది.

హైదరాబాదులో మే నెలలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్‌ను తాకుతుంది, ఉదయం 9 గంటలకే 30 డిగ్రీలు దాటుతుంది. రోజు మొత్తంలో అతి తక్కువ ఉష్ణోగ్రత ఉండేది సూర్యోదయ సమయంలోనే. జూన్ ఆరంభంలో నగరంలో సూర్యోదయం సుమారు 5 గంటల 40 నిమిషాలకు, జనవరిలో సుమారు 6 గంటల 50 నిమిషాలకు అవుతుంది. కిలోమీటరుకు 7 నిమిషాల చొప్పున పరుగెత్తే వ్యక్తికి 24 కి.మీ. పూర్తిచేయడానికి 2 గంటల 48 నిమిషాలు పడుతుంది. తెల్లవారుజామున 4:30కి బయలుదేరితే 7:18కి ఇల్లు చేరవచ్చు. ఉదయం 6:30కి బయలుదేరితే 9:18 వరకు ఎండలో ఉండాలి, అలసట హెచ్చిన సమయంలోనే ఎండా హెచ్చుతుంది. రెండు గంటలు ముందుగా నిద్ర లేవడం వలన కలిగే లాభం ఇదే.

అయితే వేకువ చల్లదనం కొంతవరకు మోసం చేస్తుంది. ఉష్ణోగ్రత తక్కువగా ఉండే ఆ వేళలోనే గాలిలో తేమ శాతం అత్యధికంగా ఉంటుంది. చెమట పట్టినంత మాత్రాన ఒళ్ళు చల్లబడదు, ఆ చెమట ఆవిరైనప్పుడే చల్లబడుతుంది. జులై, ఆగస్టు నెలల ముసురు వాతావరణంలో చెమట ఆవిరి కాక కారిపోతుంది. కనుక ఎండ లేకపోయినా వానాకాలంలో వేగం తగ్గించుకోవలసిందే. శరీరం వేడికి అలవాటుపడటానికి 10 నుండి 14 రోజులు పడుతుంది. చల్లని ప్రదేశం నుండి వచ్చినవారు వచ్చిన వారంలోనే దీర్ఘ పరుగుకు పూనుకోరాదు.

పేట్ బషీరాబాద్ పరిసరాలు

పేట్ బషీరాబాద్ మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లా, కుత్బుల్లాపూర్ మండలంలోని ప్రాంతం. నాగపూర్ వైపు వెళ్ళే 44వ నంబరు జాతీయ రహదారిపై, సుచిత్ర కూడలికి, కొంపల్లికి నడుమ ఉన్నది. ఈ రహదారి పూర్వపు సంఖ్య 7. ఉత్తరంగా వెళ్తే కొంపల్లి, కండ్లకోయ దాటి మేడ్చల్ వస్తుంది. కండ్లకోయ వద్ద బాహ్య వలయ రహదారి అడ్డుగా సాగుతుంది. వాయవ్యంగా దూలపల్లి అటవీ ప్రాంతం, అక్కడి అటవీ శిక్షణా సంస్థ ఉన్నాయి. ఈశాన్యంగా కరీంనగర్ వైపు వెళ్ళే రాజీవ్ రహదారి మీద హకీంపేట, శామీర్‌పేట ఉన్నాయి. హకీంపేటలో ప్రభుత్వ క్రీడా పాఠశాల, శామీర్‌పేటలో పెద్ద చెరువు, జింకల పార్కు, నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉన్నాయి.

పేట్ బషీరాబాద్ నుండి మేడ్చల్‌కు దూరం సుమారు 14 కి.మీ. పోయి వస్తే 28 కి.మీ. మారథాన్ శిక్షణలోని పెద్ద పరుగులకు ఈ దూరం సరిగ్గా సరిపోతుంది. కాని రాత్రంతా ప్రయాణించిన లారీలు, బస్సులు తెల్లవారుజామున ఈ రహదారిపై వేగంగా వస్తుంటాయి, డ్రైవర్లు నిద్రమత్తులో ఉండే సమయం కూడా అదే. కనుక దూరం కుదిరింది కదా అని జాతీయ రహదారి వెంట పరుగెత్తడం క్షేమం కాదు. బాహ్య వలయ రహదారి ప్రధాన మార్గంపై పాదచారులకు అనుమతి లేదు.

దీనికి బదులుగా కాలనీల లోపలి వీధులలో 4 నుండి 6 కి.మీ. పొడవుగల ఒక చుట్టును ఎంచుకొని, దానినే పలుమార్లు తిరగడం మేలు. ప్రతి చుట్టుకూ ఇంటి ముందుకు లేదా నీళ్ళసీసా ఉంచిన చోటుకు తిరిగి రావచ్చు. ఆ వేళకు దుకాణాలు తెరవరు కనుక ఈ సౌకర్యం ముఖ్యమైనది. ఒంట్లో బాగోలేకపోతే ఇంటికి దూరంగా చిక్కుకుపోయే ప్రమాదం కూడా ఉండదు. ఈ ప్రాంతం దక్కన్ పీఠభూమిలోని ఎత్తుపల్లాల నేల. హైదరాబాద్ మారథాన్ మార్గంలో పైవంతెనల ఎక్కుడు ఎక్కువగా ఉంటుంది కనుక ఇటువంటి నేలపై అలవాటు మంచిదే. కండ్లకోయ ఆక్సిజన్ పార్కు వంటి వనాలలోని మట్టిబాటలు మోకాళ్ళకు హాయిగా ఉంటాయి. అయితే అవి తెరిచే వేళలను ముందుగా తెలుసుకోవాలి.

శిక్షణా ప్రణాళిక

ఈ క్రింది ప్రణాళిక ఇప్పటికే 10 కి.మీ. సునాయాసంగా పరుగెత్తగలిగి, వారానికి నాలుగు రోజులు సాధన చేసేవారికి ఒక ఉదాహరణ మాత్రమే. సంఖ్యలు ఆయా వారాల దీర్ఘ పరుగు దూరాలు.

* 1 నుండి 4 వారాలు (మే): 12, 14, 16, 12 కి.మీ.
* 5 నుండి 8 వారాలు (జూన్): 18, 20, 22, 16 కి.మీ.
* 9 నుండి 12 వారాలు (జులై): 24, 26, 28, 20 కి.మీ.
* 13 నుండి 15 వారాలు (ఆగస్టు): 31, 22, 14 కి.మీ.
* 16వ వారం: మారథాన్

ప్రతి నాలుగవ వారం దూరం తగ్గడాన్ని గమనించవచ్చు. శరీరం బలపడేది పరుగెత్తే సమయంలో కాదు, విశ్రాంతి సమయంలో. అన్నిటికంటే పెద్ద పరుగును పోటీకి మూడు వారాల ముందే ముగించాలి. నిదానంగా పరుగెత్తేవారు కిలోమీటర్లు మిగిలి ఉన్నా మూడున్నర గంటల వద్ద ఆపివేయడం మంచిది. ఆపైన కలిగే లాభంకంటే గాయాల భయమే ఎక్కువ.

పరుగు విధానం

ముందు రోజు: శనివారం రాత్రి భోజనంలో అన్నం, చపాతీ వంటి పిండిపదార్థాలు ఉండాలి. కొత్త వంటకాలు, మసాలాలు, మద్యం పనికిరావు. రాత్రి 9 గంటలకు నిద్రకు ఉపక్రమించాలి. బట్టలు, బూట్లు, నీళ్ళసీసా ముందే సిద్ధం చేసుకోవాలి.

బయలుదేరే ముందు: ఒక అరటిపండు లేదా నాలుగైదు ఖర్జూరాలు, ఒక గ్లాసు నీరు చాలు. కాఫీ అలవాటున్నవారు తాగవచ్చు. తొడలు, చంకలు ఒరుసుకుపోకుండా వాజిలిన్ రాసుకోవాలి. నొప్పి మాత్రలు వేసుకొని పరుగుకు వెళ్ళరాదు. ఒంట్లో నీరు తగ్గిన స్థితిలో అవి మూత్రపిండాలకు హాని చేయవచ్చు. అయిదు నిమిషాలు నడిచి, ఆపైన పరుగు ఆరంభించాలి.

వేగం: పక్కనున్నవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే అది సరియైన వేగం. మాట రెండు ముక్కలై, మధ్యలో ఊపిరి తీసుకోవలసి వస్తే వేగం ఎక్కువైనట్లే. మారథాన్‌లో ఆశించే వేగంకంటే కిలోమీటరుకు 45 నుండి 90 సెకన్లు నెమ్మదిగా ఉండటం సాధారణం. మొదటి 5 కి.మీ. మరీ తేలికగా అనిపించాలి. నిదానమే ప్రధానమన్న మాట ఇక్కడ అక్షరాలా నిజం. ఆరంభంలో ఉత్సాహంగా ఆదా చేసిన నిమిషాలకు చివరి గంటలో రెట్టింపు మూల్యం చెల్లించవలసి వస్తుంది.

నీరు, ఆహారం: చెమట గంటకు అర లీటరు నుండి రెండు లీటర్ల వరకు పోవచ్చు. అది మనిషినిబట్టి మారుతుంది కనుక ఎవరికి వారే కొలుచుకోవాలి. ఉదాహరణకు 60 కిలోల వ్యక్తి రెండు గంటల పరుగులో అర లీటరు నీరు తాగి, చివరకు 58.5 కిలోలు తూగితే, పోయిన చెమట రెండు లీటర్లు, అంటే గంటకు ఒక లీటరు. ఈ వ్యక్తి తరువాతి పరుగులో మరికొంత ఎక్కువ తాగాలి. బరువు తగ్గుదల రెండు శాతం, అనగా 1.2 కిలోలు దాటకుండా చూసుకోవడం మంచిది. గంటకు మించిన పరుగులో ఉప్పు, చక్కెర కూడా అవసరమవుతాయి. లీటరు నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపిన ద్రావణం ఇంట్లోనే తయారు చేసుకోవచ్చు.

దాహానికి మించి నీరు తాగడం కూడా ప్రమాదమే. రక్తంలో సోడియం పలుచబడి తలనొప్పి, వాంతులు, మూర్ఛ కలుగుతాయి, కొన్ని సందర్భాలలో ప్రాణం పోవచ్చు. 2002 బోస్టన్ మారథాన్ పూర్తిచేసినవారిలో 488 మందిని పరీక్షించగా 13 శాతం మందిలో సోడియం తక్కువగా ఉన్నట్లు 2005లో వెలువడిన అధ్యయనం తెలిపింది. పరుగు ముగిసేసరికి బరువు పెరిగితే నీరు ఎక్కువైనట్లు గ్రహించాలి.

చివరి భాగం: చివరి నాలుగైదు కిలోమీటర్లలో భుజాలు బిగుసుకుపోవడం, నడుము వంగిపోవడం సహజం. అడుగులను చిన్నవి చేసి, భుజాలు వదులు చేసి, తరువాతి విద్యుత్ స్తంభం వరకు, ఆపైన తరువాతి కూడలి వరకు అని దూరాన్ని ముక్కలుగా చేసుకోవాలి. ఒకటి రెండు నిమిషాలు నడవడం ఓటమి కాదు. ముగింపులో ఒక్కసారిగా వేగం పెంచి దౌడు తీయరాదు.

ముగిసిన తరువాత: వెంటనే కూర్చోక పది నిమిషాలు నడవాలి. తడి బట్టలు మార్చుకోవాలి. గంటలోపు ఇడ్లీ, పెసరట్టు ఉప్మా, గుడ్లు, ఉప్పు వేసిన మజ్జిగ వంటివి తీసుకుంటే పిండిపదార్థాలు, మాంసకృత్తులు రెండూ అందుతాయి. వానలో తడిసిన బూట్లలో పాత వార్తాపత్రికలు కుక్కితే త్వరగా ఆరుతాయి. మరునాడు విశ్రాంతి లేదా నడక మాత్రమే చేయాలి.

ఎప్పుడు ఆపివేయాలి?

అలసట వేరు, ప్రమాదం వేరు. కాళ్ళ బరువు, విసుగు అలసట లక్షణాలు. ఇవి ఓర్చుకోదగినవి. ఈ క్రిందివి కనిపిస్తే ఎన్ని కిలోమీటర్లు మిగిలి ఉన్నా ఆపివేయాలి.

* ఛాతీలో నొప్పి లేదా బిగువు, దవడకు లేదా చేతికి పాకే నొప్పి, అసాధారణమైన ఆయాసం
* తల తిరగడం, వాంతి, వణుకు
* మాట తడబడటం, తూలడం, ఎక్కడ ఉన్నదీ తెలియకపోవడం
* పరుగు తీరును మార్చివేసేంతగా ఒకే చోట పోటు

మూడవది వడదెబ్బకు ముఖ్యమైన గుర్తు. శరీరం లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటినప్పుడు మెదడు పనితీరు దెబ్బతింటుంది. ఎండలో కూర్చున్నవారికి వచ్చే వడదెబ్బలో చర్మం పొడిబారుతుంది గాని, పరుగు వలన వచ్చే వడదెబ్బలో చెమట పడుతూనే ఉండవచ్చు. చెమట ఉన్నది కదా అని ఉపేక్షించరాదు. బాధితునికి తన స్థితి తనకు తెలియదు, "నేను బాగానే ఉన్నాను" అని పరుగు కొనసాగించే ప్రయత్నం చేస్తాడు. అందుకే తోడు లేకుండా దీర్ఘ పరుగుకు వెళ్ళరాదంటారు. ముందుగా బట్టలు వదులుచేసి, ఒంటినిండా చల్లని నీరు పోసి, మంచుగడ్డలు దొరికితే తడిగుడ్డలో చుట్టి మెడ, చంకలు, గజ్జల వద్ద ఉంచి, విసరాలి. చల్లబరచడం ముందు, తరలించడం తరువాత అన్నది వైద్య సూత్రం. స్పృహ సరిగా లేనివారికి నోటి ద్వారా నీరు పట్టరాదు. చల్లబరుస్తూనే 108కి ఫోను చేయాలి. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆరంభమైన ఈ అంబులెన్సు సేవ ప్రధాన కేంద్రం మేడ్చల్ దారిలోని దేవరయాంజాల్ వద్దనే ఉన్నది.

రహదారి భద్రత

2023 జులైలో హైదరాబాదు శివారు బండ్లగూడ జాగీర్ వద్ద ఉదయపు నడకకు వచ్చిన తల్లీకూతుళ్ళు వేగంగా దూసుకొచ్చిన కారు ఢీకొని మరణించారు. వందేళ్ళ వయసులో, 2011లో టొరంటో మారథాన్ పూర్తిచేసి ప్రపంచ ప్రసిద్ధి పొందిన ఫౌజా సింగ్ కూడా 2025 జులై 14న పంజాబులోని తన స్వగ్రామం వద్ద రోడ్డు దాటుతుండగా వాహనం ఢీకొని కన్నుమూశారు. ఈ కారణంగా క్రింది జాగ్రత్తలు తప్పనిసరి.

* ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించేలా రోడ్డుకు కుడి పక్కన పరుగెత్తాలి.
* చీకటిలో మెరిసే పట్టీలున్న చొక్కా ధరించాలి, చిన్న దీపం వెంట ఉంచుకోవాలి.
* చెవులలో ఇయర్‌ఫోన్లు పెట్టుకోరాదు.
* పేరు, రక్తవర్గం, ఇంటి ఫోను నంబరు రాసిన చీటీ జేబులో ఉంచుకోవాలి. వెళ్ళే దారిని ఇంట్లో చెప్పి వెళ్ళాలి.
* వీధికుక్కలు వెంటబడితే పరుగు ఆపి, నెమ్మదిగా నడిచి దాటాలి. కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, అదే రోజు రేబీస్ టీకా ఆరంభించాలి.

ఎవరు చేయరాదు?

నలభై ఏళ్ళు దాటి కొత్తగా ఆరంభించేవారు, గుండెజబ్బు, రక్తపోటు, మధుమేహం ఉన్నవారు వైద్యుని సలహా తీసుకోవాలి. ఇన్సులిన్ వాడేవారికి దీర్ఘ పరుగులో రక్తంలోని చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. జ్వరం ఉన్నప్పుడూ, తగ్గిన వెంటనే కూడా పరుగెత్తరాదు.

పిల్లలకు మారథాన్ శిక్షణ తగదు. పూర్తి మారథాన్‌కు సాధారణంగా 18 ఏళ్ళు నిండినవారినే అనుమతిస్తారు. 2006 మేలో ఒడిశాలో నాలుగేళ్ళ బుధియా సింగ్ చేత భువనేశ్వర్, పూరీల మధ్య 65 కి.మీ. పరుగెత్తించడం దేశవ్యాప్త వివాదమైంది. ఆ తరువాత అధికారులు ఆ బాలుని దూరపు పరుగులను నిలిపివేయించారు. పాఠశాల విద్యార్థులు 3 నుండి 5 కి.మీ. పరుగులతో, ఆటలతో పునాది వేసుకొని, పెద్దయ్యాక దూరాన్ని పెంచుకోవడమే మంచిది. ఆ వయసులో ఒక్క వారం ఆలస్యమైనా, ఒక్క ఏడాది ఆలస్యమైనా పోయేది లేదు.

ఇవి కూడా చూడండి

* మారథాన్ పరుగు
* వడదెబ్బ
* మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లా
* శామీర్‌పేట చెరువు